తుప్పు కింద ఉక్కు: విజయనగరం నుంచి కళింగపట్నం దాకా ఐదు రోజులు

మొదటి రోజు: విజయనగరం

పాత వడ్రంగి పనిముట్లు వెతికి కొని, బాగుచేసుకునే ప్రయాణం ఇది. సంచిలో పెట్టుకోవాల్సినవి కొద్దే. ఆరంగుళాల స్టీలు స్కేలు, చిన్న అయస్కాంతం, పళ్ళు అరగని చిన్న ఆకురాయి, టార్చి, పదునైన అంచులకి చుట్టడానికి గోనెగుడ్డ, మూత బిగించిన డబ్బాలో కిరోసిన్ తడిపిన గుడ్డ. హౌరా-చెన్నై మార్గం మీద జంక్షను కాబట్టి విజయనగరంలో తెల్లారేసరికి దిగిపోవచ్చు. టిఫిను కాగానే పాత ఇనుము కొట్లకి వెళ్ళిపోవాలి. ఎండెక్కితే ఇనప కుప్పలో చెయ్యి పెట్టలేం.

ఈ ఊళ్ళో పాత వడ్రంగి పనిముట్లు రెండు దారుల్లో బయటికొస్తాయి. పాత పెంకుటిళ్ళు విప్పినప్పుడు టేకు తలుపులు, దూలాలు కొనేవాళ్ళు ముందే వచ్చి పట్టుకుపోతారు. అటక మీది పనిముట్ల పెట్టెని పట్టించుకునేవాళ్ళు లేక అది తూకానికి పోతుంది. రెండో దారి, పని మానేసిన పెద్ద మేస్త్రీల ఇళ్ళు. కొడుకులు కరెంటు మిషన్లకి మారిపోయారు కాబట్టి పెట్టె మూలన ఉంటుంది. అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కటీ ఏరుకుని మిగతావి వదిలెయ్యకుండా, పెట్టె మొత్తానికి ధర అడగడం మర్యాద. లాభం కూడా అందులోనే ఉంది. అడుగున పడున్న చిన్న మరలూ ఇత్తడి నట్లూ బజార్లో ఎంత వెతికినా దొరకవు.

కొట్టులో మొదట వినపడే మాట, "తూకానికా బాబూ, ముక్కకా?" విడిగా పడున్న ఉలి, బాడిస లాంటివైతే తూకానికే అడగాలి. మరలతో బిగించి ఉన్న చిత్రిక ప్లేనైతే ముక్కకి ఒప్పుకోవచ్చు, కానీ కొత్తదాని ధర ముందే కనుక్కుని ఉండాలి. బాగుచేసుకోవాల్సిన పాతదానికి కొత్తదాని ధరలో మూడోవంతు మించి పెట్టడం దండగ అని మా లెక్క.

రైల్వే ముద్ర ఉన్న సరుకు విషయంలో మాత్రం తొందరపడకూడదు. రైలు జంక్షను ఊరు కాబట్టి అలాంటివి కనిపించే వీలుంది. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగసొత్తన్న అనుమానానికి తావున్న రైల్వే వస్తువు మన దగ్గరుంటే అది న్యాయంగా వచ్చిందని మనమే చూపించుకోవాలి. వేలంలో కొన్న బిల్లు కొట్టువాడు చూపించలేకపోతే, ఎంత మంచి ఉక్కైనా అక్కడే వదిలి రావాలి.

ఇక ఇనప చిత్రిక ప్లేన్లు. ఎక్కువగా ఎదురయ్యేవి నాలుగో నంబరు, అయిదో నంబరు. నాలుగుది తొమ్మిదంగుళాల పొడవు, అయిదుది పద్నాలుగు. రెంటి బ్లేడూ రెండంగుళాల వెడల్పే. ఈ అమరికకి మూలం లియొనార్డ్ బెయిలీ పేటెంట్లు. అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1869లో వాటిని కొనేసింది. ఇంగ్లండులో షెఫీల్డ్ నుంచి రికార్డ్ ప్లేన్లు 1931లో మొదలయ్యాయి. వాటి మీద నంబరుకి ముందు సున్నా ఉంటుంది, సున్నా నాలుగు, సున్నా అయిదు అని. మన దేశంలో జలంధర్ నుంచి వచ్చే అనంత్ వాళ్ళవీ అదే కొలత.

పేరు చదివేలోపే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. బ్లేడూ పిడీ విప్పేసి, ఒట్టి ఒంటిని వేలికి తగిలించి వేళ్ళాడదీసి, రెండో చేతి కణుపుతో కొట్టాలి. గంటలా ఖంగుమంటే ఒళ్ళు బాగుంది. డప్పున మూగగా మోగితే ఎక్కడో పగులుంది. పగులు ఎక్కువగా నోటి, అంటే బ్లేడు బయటికొచ్చే సందు, పక్కల నుంచి పైకి పాకుతుంది. పోత ఇనుము కాబట్టి కిందపడితే అక్కడే విరుగుతుంది. టార్చి పక్కగా వేసి చూస్తే తుప్పులో కూడా సన్నని నల్లగీత దొరుకుతుంది. వెల్డింగు చేయిద్దామనే ఆలోచన వద్దు. ఆ వేడికి అడుగు వంకర తిరిగిపోతుంది.

తర్వాత చూడాల్సింది బ్లేడు ఎంత మిగిలిందన్నది. మధ్యలో ఉన్న పొడుగాటి గాడికి, పదును అంచుకి మధ్య అంగుళం ఉంటే ఏళ్ళ తరబడి వస్తుంది. అంచు గాడి దగ్గరికి వచ్చేసి ఉంటే బ్లేడు కొత్తది కొనాలి, ఆ డబ్బు బేరంలో తగ్గించాలి. అన్ని మరలూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. పిడి విరిగిందా, బ్లేడు కోరుకుపోయిందా అన్నవి చిన్న విషయాలు. మర పోవడం పెద్ద విషయం. పాత స్టాన్లీ మరల చుట్లు వాళ్ళ సొంత కొలత. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఏ బోల్టూ అందులోకి ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే లోపలి చుట్టు పోతుంది, అప్పుడు ఒళ్ళూ పోయినట్టే. లేతు మీద చేయించుకోవచ్చు, కానీ నమూనాకి అదే మర ఇంకొకటి చేతిలో ఉండాలి.

ఒంటి మీద ఎర్ర పొడిలా ఉన్న తుప్పుని చూసి బెదిరి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. కిరోసిన్ గుడ్డతో గట్టిగా రెండు రుద్దులు రుద్దితే కింద ఉన్నది మరకో గుంటో తేలిపోతుంది. పోత ఒంటి మీద గుంటలున్నా పనికి అడ్డం రావు. బ్లేడు వెనకవైపు అంచు దగ్గర గుంటలుంటే మాత్రం అడ్డమే. సాన పెట్టినకొద్దీ అంచు ఒక్కో గుంటనీ దాటుతూ వెనక్కి జరుగుతుంది, దాటిన ప్రతిసారీ పదునులో ఒక పంటిగాటు కనిపిస్తుంది, చెక్క మీద అది గీతలా పడుతుంది.

రాత్రికి లాడ్జిలో తుప్పు నానబెట్టుకోవచ్చు. స్నానాల గది బకెట్టు వాడకుండా బజార్లో ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొనుక్కోవాలి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడిగితే ఇస్తారు. లీటరు నీళ్ళకి యాభై గ్రాములు. ఇనప భాగాలన్నీ పూర్తిగా మునగాలి. సగం తేలితే నీటిగీత దగ్గర నల్లటి చార పడి చెరగదు. ఇత్తడి భాగాలు విడదీసి పక్కన పెట్టాలి. ఇనుముతో కలిపి నానబెడితే రాగి కరిగి ఇనుము మీద ఎర్రగా పట్టుకుంటుంది. పిడుల్ని అస్సలు తడపకూడదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, ఇంకా ఉంచితే ఆమ్లం మంచి ఇనుముని కూడా తింటుంది. తీశాక ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి, వెంటనే తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రాయాలి. ఆరబెట్టడంలో పావుగంట ఆలస్యమైనా మళ్ళీ నారింజ రంగు తిరుగుతుంది.

రెండో రోజు: బొబ్బిలి, గొల్లపల్లి

పార్వతీపురం వైపు వెళ్ళే రైల్లో బొబ్బిలి దిగి, అక్కడికి ఆనుకునే ఉన్న గొల్లపల్లికి ఆటోలో వెళ్ళాలి. బొబ్బిలి వీణలు తయారయ్యేది ఇక్కడే. ఏకండి వీణ అంటే కుండ, దండి, తల విడివిడిగా చేసి అతకకుండా ఒకే పనస దుంగలోంచి తొలిచి తీసింది. చేతి పనిముట్టు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే ఈ పని జరిగే చోట ఒక పూట నిశ్శబ్దంగా నిలబడటం కంటే మంచి చదువు లేదు. పని మధ్యలో ప్రశ్నలు వెయ్యకూడదు. "మేస్త్రీ గారూ, చూడొచ్చా?" అని అడిగి పక్కన నిలబడితే చాలు.

దుంగ లోపలి గుల్ల తొలవడానికి గోరులా వంపు తిరిగిన ఉలి కావాలి. దాని పదును లోపలి వంపున ఉందా, బయటి వంపున ఉందా అన్నది కొనేటప్పుడు చూసుకోవాలి. లోతుగా తొలిచే పనికి బయటి వైపు వాలు, అంటే పదును కోసం ఏటవాలుగా అరగదీసిన భాగం, ఉన్నది కావాలి. లోపలి వైపు వాలున్నది నిలువుగా, తిన్నగా కోసే పనికి. పాత పెట్టెల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. తెలియక రెండోదాన్ని కొని గుల్ల తొలవబోతే, అది పైకి రాకుండా లోపలికే దిగబడి కర్రని చీలుస్తుంది.

ఉలిని చూసే వరుస ఇదీ. ముందు నెత్తి. సుత్తితో నేరుగా కొట్టిన ఇనప నెత్తి ఉలికి పుట్టగొడుగులా అంచులు విచ్చుకుని ఉంటాయి. ఆ రెక్కలు విరిగి ఎగిరితే కంట్లో పడతాయి. సాన మీద వాటిని తీసెయ్యకుండా ఒక్క దెబ్బ కూడా వెయ్యకూడదు. తర్వాత వెనకవైపు, అంటే వాలు లేని చదును వైపు. స్కేలు అంచుని ఆనించి వెలుతురికి ఎత్తిపట్టాలి. మధ్యలో కాస్త పల్లంగా ఉంటే మంచిదే, తొందరగా చదునవుతుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే ఎవరో మధ్యలో పల్లం పడిన సానరాయి మీద వెనకవైపుని రుద్దేశారన్నమాట. దాన్ని చదును చెయ్యడానికి ఒక పూట పోతుంది. ఆ తర్వాత రంగు. అంచు దగ్గర నీలి చాయ ఉంటే మిషను సాన మీద కాల్చేశారు, ఉక్కు దాదాపు మూడువందల డిగ్రీలు దాటి మెత్తబడింది. ఆకురాయిని అంచు మూలకి తేలిగ్గా ఆడించి చూడండి. జారిపోతే గట్టిగా ఉంది, పట్టి గీరితే మెత్తబడింది. నీలం మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటే నీళ్ళలో ముంచుతూ నెమ్మదిగా అరగదీసి దాటించవచ్చు.

పాత ఇంగ్లీషు ఉలుల మీద "కాస్ట్ స్టీల్" అని ముద్ర కనిపిస్తే పోత ఇనుమనుకుని వదిలెయ్యకండి. అది మూసలో కరిగించి పోసిన ఉక్కు. షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో మొదలుపెట్టిన పద్ధతి. మూస ఉక్కు మన దక్కనుకి అంతకంటే ఎంతో పాతది, ఇంగ్లీషులోని వుట్జ్ అనే మాట మన ఉక్కు నుంచే వెళ్ళిందంటారు. ఇలాంటి ఉలుల్లో కొన్నింటికి మెత్తటి ఇనుము మీద పల్చటి ఉక్కు రేకు అతికించి ఉంటుంది. పక్క నుంచి చూస్తే రెంటి మధ్యా సన్నటి గీత కనిపిస్తుంది. ఆ ఉక్కు వైపే ఉలి వెనకవైపు. అక్కడ అతిగా అరగదీస్తే పదును నిలిచే భాగమే పోతుంది.

బాడిసకి అసలు చూడాల్సింది కన్ను, అంటే పిడి దూరే బెజ్జం. దాని మూలల్లో వెంట్రుకంత పగులున్నా కొనకూడదు, ఎత్తి వేసే పనిముట్టు కదా. పిడి లేకపోయినా, మొద్దుబారినా ఫరవాలేదు.

పనసలోని బంక బ్లేడుకి అంటుకుంటుంది. ఒక మూరెడు చిత్రిక పట్టేసరికి పొట్టు నోట్లో ఇరుక్కుంటుంది. అది పదును పోయిందని పొరపడి మళ్ళీ సాన పట్టేవాళ్ళున్నారు. కిరోసిన్ గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. టేకు సంగతి వేరు. దానిలో ఇసక లాంటి సిలికా ఉంది, అది నిజంగానే పదును తింటుంది. అందుకే టేకు పనికి వాలుని ముప్ఫై డిగ్రీలకి తగ్గనివ్వకూడదు.

మూడో రోజు: రాజాం, కొలిమి దగ్గర

బొబ్బిలి నుంచి శ్రీకాకుళం బస్సు రాజాం మీదుగా వెళ్తుంది. మధ్యలో దిగేది కొలిమి కోసం. అసలు ఉలి మొత్తం నీలి రంగుకి తిరిగి మెత్తబడినప్పుడు, లేదా చేతికి కావాల్సిన కొలత ఉలి పాతవాటిలో దొరకనప్పుడు కమ్మరి దగ్గరికి వెళ్ళక తప్పదు.

కమ్మరి కొలిమి దగ్గర మనం ముందే చెప్పాల్సిన మాటలు మూడున్నాయి. చివరి రెండంగుళాలే కాల్చమనాలి. పిడిలోకి దిగే తోక గట్టిపడితే మొదటి దెబ్బకే విరుగుతుంది. రంగు చూసి కాకుండా అయస్కాంతంతో చూడమనాలి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతాన్ని పట్టడం మానేస్తుంది. అది దాటి ఇంకొంచెం ఎరుపెక్కగానే ముంచాలి. ఎండలో కొలిమి రంగు అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, కంటితో చూసి చేసినవాళ్ళు ఎక్కువగా కాల్చేస్తారు, అప్పుడు ఉక్కు గింజ ముతకబారి అంచు పెళుసుగా రాలిపోతుంది. మూడోది, పాత లారీ కమాను పట్టీతో చేసిందైతే నీళ్ళలో కాకుండా నూనెలో ముంచమనాలి. నీళ్ళలో పగులుతుంది.

ముంచి తీసిన ఉలి గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ స్థితిలో కిందపడినా విరుగుతుంది. వెంటనే ఉప్పుకాగితంతో ఒక వైపు మెరిసేలా రుద్ది, అంచుకి దూరంగా వెనక నుంచి వేడి ఇవ్వాలి. రంగులు అలలా అంచు వైపు పాకుతాయి. అంచుకి లేత గడ్డి రంగు, అంటే సుమారు 220, 230 డిగ్రీలు, చేరిన క్షణాన మళ్ళీ ముంచెయ్యాలి. ఊదా దాటి నీలమైతే మొదటికొచ్చినట్టే.

కమాను పట్టీలో కార్బన్ అర శాతం పైన కాస్త ఉంటుంది. గట్టి దెబ్బకి తట్టుకుంటుంది కానీ పదును ఎక్కువసేపు నిలవదు. బాడిసకీ, మొరటు ఉలికీ అది చక్కగా సరిపోతుంది. చేత్తో నెట్టి సన్నగా చెక్కే ఉలికి పాత ఆకురాయి ఉక్కు మేలు, అందులో కార్బన్ ఒక శాతం దాటి ఉంటుంది. అయితే దాని పళ్ళన్నీ అడుగంటా అరగదీసెయ్యాలి. ఒక్క గాడి మిగిలినా ముంచేటప్పుడు పగులు అక్కడే పుడుతుంది. పైన చెప్పిన రేకు అతికిన పాత ఇంగ్లీషు ఉలిని మాత్రం సాగగొట్టమని ఎవరికీ ఇవ్వకండి. అతుకు విడిపోతే తిరిగి చేర్చడం అందరివల్లా కాదు.

సాయంత్రం బస్సు పొందూరు వైపు నుంచి పోతే దిగి చూడదగ్గ పనిముట్టు ఒకటుంది. ఖద్దరు కోసం పత్తి ఏకడానికి అక్కడ వాడేది వాలుగ చేప దవడ ఎముక. పనికి సరిపోయే పంటిని వెతికిన తీరు రంపం చేసేవాళ్ళు కూడా చూడాల్సింది.

నాలుగో రోజు: శ్రీకాకుళం

ఇవాళ రెండు పనులు. రంపాల వేట ఒకటి, తెచ్చిన ప్లేను అడుగు చదును చెయ్యడం ఒకటి.

రంపాన్ని కంటి దగ్గర తుపాకీలా పట్టి పళ్ళ వరస వెంబడి చూడాలి. మెల్లగా విల్లులా వంగి ఉంటే సరిచెయ్యవచ్చు. ఒకచోట మడత పడి ఉంటే ఆ మడత పోదు, కోతలో అక్కడే పట్టేస్తుంది. రేకుని అర్ధచంద్రంలా వంచి వదిలితే తిన్నగా నిలబడాలి. పళ్ళ మొదట్లో గుంటల తుప్పుంటే, పళ్ళు పక్కకి వంచేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. అలాంటిది ఎంత చవకైనా వద్దు. పిడి మీది ఇత్తడి బిళ్ళలో "వారంటెడ్ సుపీరియర్" అని ఉంటే అది కంపెనీ పేరు కాదు, చాలామంది తయారీదార్లు వాడిన మామూలు బిళ్ళ. డిస్టన్ అని ఉంటే ఫిలడెల్ఫియా సరుకు. బిళ్ళ ఏదైనా రేకే ముఖ్యం. పెద్ద అక్షరాల చెక్కడం రేకు మీద మసగ్గా కనిపిస్తే నిమ్మ ఉప్పు నీళ్ళలో వెయ్యకుండా, చదునైన చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి కిరోసిన్‌తో రుద్దాలి, అక్షరాలు చెరగవు.

పదునుకి ముందు పళ్ళన్నీ ఒకే ఎత్తుకి తేవాలి. పొడుగాటి చదును ఆకురాయిని పళ్ళ మీదుగా నిలువునా తోస్తే ప్రతి పంటి కొనకీ చిన్న మెరిసే చుక్క పడుతుంది. చుక్క పడని పన్ను పొట్టిది, దానికీ పడేదాకా తొయ్యాలి. ఆ తర్వాత ముక్కోణపు ఆకురాయి. అంగుళానికి ఎనిమిది మొనలున్న రంపానికి ఆరంగుళాల సన్నటిది సరిపోతుంది. కర్ర పొడవునా చీల్చే రంపానికి ఆకురాయిని రేకుకి అడ్డంగా, నిటారుగా తొయ్యాలి. అడ్డకోత రంపానికి ఇరవై నుంచి ఇరవైఅయిదు డిగ్రీలు ఏటవాలుగా, ఒక పన్ను విడిచి ఒక పన్ను. మెరిసే చుక్క మాయమైన క్షణాన ఆపాలి. ఇంకొక్క తోపు ఎక్కువైతే ఆ పన్ను పొట్టిదైపోతుంది.

పళ్ళు పక్కలకి వంచడంలోనే ఎక్కువమంది చెడగొడతారు. పంటి పై సగమే వంచాలి, మొదలంటా కాదు. రెండు వైపులా కలిపి కోత వెడల్పు రేకు మందానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. పచ్చి కర్రకి కాస్త ఎక్కువ, బాగా ఆరిన టేకుకి కాస్త తక్కువ. రంపం ఒక పక్కకే లాగుతోందంటే ఆ పక్క పళ్ళు ఎక్కువ వంగాయి. అటువైపు నూనెరాయిని ఒక్కసారి తేలిగ్గా ఆడిస్తే దారిలోకొస్తుంది.

ప్లేను అడుగుకి చదునైన బండ కావాలి. ఈ జిల్లాలో దానికి కొరత లేదు. టెక్కలి వైపు క్వారీల నుంచి వచ్చే శ్రీకాకుళం బ్లూ గ్రానైటు దేశమంతా వంటగట్లకి పోతుంది. గ్రానైటు కోసే షాపులో పాలిష్ పట్టిన వృథా ముక్క, ప్లేను పొడవుకి రెట్టింపు ఉండేది అడగండి. స్కేలు ఆనించి చూసి తెచ్చుకోండి, అన్ని ముక్కలూ చదునుగా ఉండవు. దాని మీద ఎనభై నంబరు ఉప్పుకాగితం అతికించి మొదలుపెట్టాలి. తర్వాత నూటఇరవై, ఆఖరికి రెండువందలఇరవై. బ్లేడు లోపలికి లాగి, కానీ పనిలో ఉన్నప్పుడు ఎంత బిగువుంటుందో అంతే బిగించి రుద్దాలి. బ్లేడు తీసేసి రుద్దితే, తర్వాత బిగించగానే ఒళ్ళు కాస్త వంగి చేసిన పనంతా పోతుంది. అడుగు మీద మార్కర్‌తో అడ్డగీతలు గియ్యండి. ముక్కు, నోటి చుట్టూ, మడమ, ఈ మూడు చోట్లా గీతలు చెరిగితే ఆపెయ్యవచ్చు. మధ్యలో పల్లాలు మిగిలినా పనికి నష్టం లేదు, అద్దంలా చెయ్యాలనే పంతం వృథా శ్రమ.

సాన కోణానికి పరికరం అక్కర్లేదు. వాలు పొడవు ఉలి మందానికి రెట్టింపుంటే ముప్ఫై డిగ్రీలు. నాలుగు మిల్లీమీటర్ల మందానికి ఎనిమిది మిల్లీమీటర్ల వాలు. తొమ్మిదిన్నర ఉంటే ఇరవైఅయిదు. ముందు వెనకవైపు చివరి అంగుళమున్నర చదును చేసి, తర్వాత వాలు. వెనక్కి అంచు పొడవునా సన్నటి ఉక్కు మడత తిరిగి గోరుకి తగిలేదాకా ముతక రాయి వదలకూడదు. ఎక్కడ మడత తగల్లేదో అక్కడ ఇంకా పదును రాలేదు. ప్లేను బ్లేడు మీద బిగించే పై రేకు అంచుకీ పదునుకీ మధ్య, నునుపు పనికి అర మిల్లీమీటరు, మొరటు పనికి ఒకటిన్నర. ఆ రేకు బ్లేడుని వెలుతురు కనపడకుండా అంటుకోకపోతే పొట్టు సందులో దూరి ఇరుక్కుంటుంది. పాత ప్లేన్లు సరిగ్గా పనిచెయ్యవన్న ఫిర్యాదులో సగం ఈ సందు గురించే.

అయిదో రోజు: కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇక్కడికి పనిముట్లు కొనడానికి రానక్కర్లేదు, దాచడం నేర్చుకోవడానికి రావాలి. శుభ్రం చేసిన ఉలిని నూనె రాయకుండా ఒక్క రాత్రి ఈ గాలికి వదిలితే ఉదయానికి మచ్చలు పడతాయి.

గోనెసంచి తేమ పీలుస్తుంది, ప్రయాణానికే తప్ప దాచడానికి పనికిరాదు. తోలు తొడుగూ అంతే. కుట్టుమిషను నూనె రాసి, నూనె పీల్చిన కాగితంలో చుట్టి, మూత బిగిసే డబ్బాలో ఉంచాలి. వంట నూనెల్లో వేరుశనగది కొన్నాళ్ళకి జిగురులా గట్టిపడి మరల్ని పట్టేస్తుంది. కొబ్బరి నూనె అలా కాదు, తప్పనిసరైతే అదే రాయొచ్చు. కొయ్య పిడులకి అవిసె నూనె పల్చగా. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకూడదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి తీగ మీద ఆరెయ్యాలి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచెయ్యాలి.

తిరుగు రైలు ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ అన్న స్టేషనుకి వస్తుంది. ఎక్కే ముందు ఉలి అంచులకి సైకిలు ట్యూబు ముక్కలు తొడిగి, రంపం పళ్ళకి పొడవునా కోసిన నీళ్ళ పైపు ముక్క ఎక్కించి, ప్లేను బ్లేడు లోపలికి లాగి, సంచిని పై బెర్తు మీద కాకుండా సీటు కింద పెట్టాలి.